చాటింపు

నాలుగున్నరకి అలారం మోగతాది.
నేను లేస్తాను, నా చేతులు లేవవు.
ఒకే చాప మీద పడుకున్నా
అవి వేరే ఊళ్ళో నిద్రపోయినట్టు.
చెంబుడు వేణ్ణీళ్ళలో ముంచిపెట్టి
ఒక్కో వేలినీ పేరు పెట్టి పిలుస్తాను.
చిటికెనవేలు ముందొస్తాది. చూపుడువేలు ఆఖరికి.
ఏడింటికి కొండ మీద, కల్యాణకట్టలో డ్యూటీ.
కత్తి పట్టాల.

పదకొండేండ్లు గుండ్లు గీసిన చేతులివి.
ఏడాది నిండని బిడ్డ మాడు మెత్తన,
ముసలి మిలిటరీ ఆయన నెత్తి మీద పాత కుట్ల గట్టు,
అన్నీ వీటికి తెలుసు.
ఇప్పుడు కొళాయి తిప్పలేవు.
పది దాటితే వాపు తీసి, మామూలుగా ఉంటాయి.
"ఏం మే, పొద్దున్నే వచ్చే సాకా ఇది?" అంటాడు సూపర్‌వైజరు.
చూపించడానికి నా దగ్గర ఏమీ ఉండదు.

కట్టు కట్టించుకుందామని పుత్తూరు పోయినా.
ఆయన మణికట్టు ఒత్తి చూసి
చింపిన గుడ్డను మళ్ళీ మడిచేసినాడు.
"విరిగింది కాదమ్మా. లోపల యాడో మంట.
పెద్దాసుపత్రికి పో."

రుయాలో డాక్టరమ్మ హఫీజా
చీటీ వెనకాల చుక్కలు చుక్కలుగా పెట్టింది.
"సైటోకైన్లు. ఒక కణం ఇంకో కణానికి పంపే కబుర్లు.
ముల్లు గుచ్చుకున్నా, జ్వరం పురుగు దూరినా
రండి రండి అని కేకేసేది ఇవే.
ఇవి లేకుంటే పుండు కూడా మానదు.
నీ ఒంట్లో కేక ఆగలేదు, అంతే."

తాతయ్యగుంటలో పుట్టినదాన్ని.
చాటింపంటే ఏందో నాకు చెప్పాల్నా?

చిన్నప్పుడు, మే నెల రాత్రి,
మా మేనమామ మునస్వామి డప్పు వీధి మలుపు తిరిగితే
అన్నం ముద్ద చేతిలోనే ఆగిపోయేది.
గంగమ్మ జాతర, ఎవురూ పొలిమేర దాటొద్దు!
తెల్లారితే ఊరంతా వేషాలు,
ఒకరోజు నామంసుద్ద, ఒకరోజు కుంకం, ఒకరోజు బొగ్గు.
మా నాయన్ని నేనే గుర్తుపట్టలేక ఏడ్చినా.
దాక్కున్న పాలెగాడి కోసం
అమ్మ వేషం మీద వేషం మార్చి వెతుకుతుంది.
దొర వేషం నాడు వాడి తల తెగుతుంది.
మర్నాడు మాతంగి పోయి వాడి పెండ్లాన్ని ఓదార్చి వస్తుంది.
ఆఖర్న విశ్వరూపం చెంప పెకలిస్తారు, మట్టి పంచుతారు.
బండబూతులు తిట్టినోడే మా ఇంట్లో మజ్జిగ అడిగి తాగుతాడు.
అయిపోయింది.

నా లోపల అయిపోలేదు.
పాలెగాడు ఎప్పుడో చచ్చినాడు,
అసలు వచ్చినాడో లేదో కూడా తెలీదు.
టీఎన్ఎఫ్ అనే డప్పు మోగితే
ఐఎల్ ఆరు అనే డప్పు నిజమనుకుని గట్టిగా కొడతాది.
దాన్ని విని మొదటిది ఇంకా గట్టిగా.
పరిగెత్తి వచ్చిన బంట్లు
నా కీళ్ళ మధ్య మెత్తటి పొర చూసి
బొగ్గు పూసుకున్న శత్రువనుకుంటారు.
ఎవురు నువ్వు అని అడగరు.
కొడతారు.
ఓదార్చే మాతంగి ఈ వీధిలోకి రాదు.

కబురును దారిలోనే పట్టేసే సూది ఉందంట.
ధర విని నేను, నా మొగుడు
ఒకరి మొగం ఒకరం చూసుకోలేదు.
"ముందు మాత్రతో చూద్దాం, వారానికొకసారే,
రోజూ మింగితే ప్రమాదం" అనింది డాక్టరమ్మ.
బుధవారం పెట్టుకున్నా.

ఈ ఏడు విశ్వరూపం మట్టి చిటికెడు దొరికింది.
తినొద్దంటాదని తెలిసి అడగలేదు.
కణుపుల మీద రాసుకుని మాత్ర మింగినా.
ఏది పని చేస్తాదో ఆ రెండూ తేల్చుకోనీ.

నిన్న రక్తం రిపోర్టు వచ్చింది.
నలభయ్యెనిమిది ఉన్న సీఆర్పీ పందొమ్మిది.
డప్పు మోగతానే ఉంది, రెండు వీధుల అవతల.

ఇయ్యాల మొదటి టోకెను అనంతపురం పిల్లోడు.
నెత్తి తడిపి, తల వంచి,
కదలొద్దు నాయనా అన్నాను.
వాడు కదల్లేదు.
కత్తి కదిలింది.