ఏడు తర్వాత

ఫర్వానియా ఆసుపత్రి, మూడో థియేటర్.
మత్తు డాక్టరమ్మకు మన మాట రాదు.
నేల తుడిచే నన్ను పిలిచి
పది నుంచి కిందికి లెక్కపెట్టమను అంది.

పరంజి మీంచి జారిన రాజలింగు
పది అన్నాడు, తొమ్మిది అన్నాడు,
ఎనిమిది దగ్గర నా చెయ్యి వెతుక్కున్నాడు.
ఏడు.
ఆరు పెదాల దాకా వచ్చింది. నేను చూశాను.

యాడికి పోయింది ఆ ఆరు?

మెదడులో అన్ని గదుల్లోనూ దీపాలుంటాయంట,
ఒక గది మాట ఇంకో గదికి వినపడదంట, అంతేనంట.
గ్లవ్స్ తొడుక్కుంటూ డాక్టరమ్మ చెప్పింది.
కంపెనీ ఇచ్చిన మా గది గుర్తొచ్చింది నాకు:
ఎనిమిది మంచాలు, ఎనిమిది కలలు,
గదికి మాత్రం ఒక్క కలా తెలీదు.

మొన్న రాత్రి ఏసీ ఆగిపోయింది.
ఆగినాకే తెలిసింది, ఇన్నాళ్ళూ మోగుతోందని.
మరి ఇన్నాళ్ళూ విన్నదెవరు?
నేనేనా, నాకు చెప్పకుండా?
పై మంచం ఖాసింబీని లేపి అడిగితే
"ఉక్కపోతకు పిచ్చి పట్టిందే నీకు" అని
అటు తిరిగి పడుకుంది.

నాలుగు గంటలకు రాజలింగు కళ్ళు తెరిచాడు.
గోడ గడియారంలో ఉన్న ఆ నాలుగు గంటలు
అతని దగ్గర లేవు.
ఎండిన నాలుకతో అడిగాడు:
"ఇంకా షురూ చెయ్యలే?"

వాళ్ళు అతన్ని తోసుకుపోయాక
థియేటర్ తుడిచాను.
బల్ల కింద, వైర్ల సందుల్లో,
రక్తం మరకలు లేని చోట కూడా
రెండుసార్లు తుడిచాను,
ఎక్కడైనా పడి ఉంటుందేమోనని.