ఏ శాఖ?

మల్లేశ్వరంలో వాన వెలిసిన పొద్దు.
సెనేట్ హాలు పక్క గదిలో మాకు ఆరు కుర్చీలు,
ఎదురుగా ఒకటి, కాస్త పొట్టిది,
ఎవరు కొలిచి చేయించారో.

పదకొండో పేరు పులుకూరి ఎస్తేరు.
వయసు ముప్ఫై ఒకటి. చీరాల దగ్గర పల్లె.
దరఖాస్తులో "శాఖ" అన్న గడిలో
ఒక అడ్డగీత, దాని మీద చిన్న ప్రశ్నార్థకం.
గుమాస్తా బసప్ప ఎర్రసిరాతో చుట్టి పెట్టాడు:
అసంపూర్ణం.

ఏం చేస్తుంటారు మీరు?

"కేఆర్ మార్కెట్లో తెల్లారుజామున మూడింటికి
పూలమూటలు దిగుతాయండీ,
హోసూరు గులాబీ, చిక్కబళ్ళాపురం చేమంతి.
దండలు గుచ్చే ఆడవాళ్ళ వేళ్ళు దూదితో తుడిచి
ఏ పురుగుమందు ఎంతుందో చూస్తాను.
ఆ వేళ్ళకి రోజుకు కూలెంత, వారానికి వడ్డీ ఎంత,
అదీ రాసుకుంటాను.
ఒకటే పుస్తకం. ఎడమ పేజీ మందు, కుడి పేజీ అప్పు."

కెమిస్ట్రీ దేశికన్ కళ్ళజోడు సర్దుకుని
ఎడమ పేజీ బాగుందన్నాడు.
ఎకనామిక్స్ బిద్దప్ప మేడం
కుడి పేజీలో దమ్ముంది, శాంపిలే చిన్నదంది.
పుస్తకం కుట్టిన దారం ఊసు ఎవరూ ఎత్తలేదు.

నా వంతు.
ముప్ఫయ్యేళ్ళుగా మట్టిలో తేమ కొలిచేవాణ్ణి.
అడగాలనుకున్నది వేరు.
మన భాష మనిషి కదా అని నాలుక జారి
తెలుగులో వచ్చేసింది:
"మీదే శాఖ?"

గదిలో ఎవరికీ ఏమీ కాలేదు. వాళ్ళకు తెలుగు రాదు.
ఆమెకు వచ్చు.
మా నాన్న రైల్లో
ఎదుటి మనిషి మరచెంబు చాపితే
నీళ్ళు పుచ్చుకునే ముందు
ఇదే మాట, ఇంతే మెత్తగా అడిగేవాడు.

ఎస్తేరు గ్లాసు అంచు తుడిచింది.
"మా అమ్మ పొగాకు బ్యారన్లో ఆకు కట్టేది సార్.
ఎంత తోమినా చెయ్యి వదిలేది కాదు.
ముద్ద కలిపి పెడితే అన్నం చేదుగా ఉండేది.
ఆ చేదు ఏ శాఖదో ఇంకా తేలలేదు.
తేలిన రోజు గడి నింపుతాను."

నేను పెన్ను మూత పెట్టి, తీసి, మళ్ళీ పెట్టాను.

చిత్రాన్నం పొట్లాలు విప్పుకుంటూ వాదించుకున్నాం.
జీతం ఎవరి పద్దు?
ఆరేళ్ళ తర్వాత ఈమె పేపర్లు చదివి
తూచేవాడెవడు?
రెంటికీ చెడ్డ రేవడి అవుతుందని
నా లోపలినుంచి మా నాన్న.
నోరు మూసుకో అన్నాను. పైకే అన్నట్టున్నాను,
దేశికన్ తల తిప్పి చూశాడు.

మూడేళ్ళ ఒప్పందం.
సగం జీతం ఇటు, సగం అటు,
జ్వరమొస్తే సెలవుచీటీ మీద రెండు సంతకాలు.
గది లేదు.
రెండో అంతస్తుకీ మూడో అంతస్తుకీ మధ్య
మెట్లు మలుపు తిరిగే చోట
పాత జిరాక్స్ మిషన్ ఎత్తేసిన జాగాలో ఒక బల్ల.
రిజిస్టర్లో ఏ పేజీలో ఎక్కించాలి సార్ అని
బసప్ప రెండుసార్లు వచ్చాడు నా దగ్గరికి.
ఇప్పటికీ ఆమె పేరు ఆఖరి అట్ట మీద పెన్సిల్‌తో ఉంది.

నిన్న పైకి వెళ్తుంటే
మెట్లనిండా పిల్లలు, తొమ్మండుగురు.
మధ్యలో తడిగుడ్డలో చేమంతులు.
ఒక కుర్రాడు దూదితో తన వేళ్ళే తుడుచుకుని
భయంగా చూసుకుంటున్నాడు.
దారి ఇచ్చారు. నేను కదల్లేదు.
ఆ రోజు అడగాల్సింది అప్పుడు నోటికొచ్చింది:
"తడివేళ్ళకి ఎక్కువ అంటుతుందా, పొడివేళ్ళకా?"

ఎస్తేరు వెంటనే జవాబు చెప్పలేదు.
గంపలో చెయ్యి పెట్టి, తీసి, గాలికి ఆరనిచ్చి,
"అదే తెలీడం లేదు సార్.
మట్టి సంగతి మీకు తెలుసుగా, కూర్చోండి" అంది.

మోకాళ్ళ నొప్పి నాకు.
మూడో మెట్టు చల్లగా, కొంచెం తడిగా ఉంది.