పన్నెండో నెల

పదకొండు నెలలకే రాస్తం కిరాయి కాగితం.
పన్నెండో నెల రాస్తే రిజిస్ట్రేషన్ చెయ్యాలె,
చలానా కట్టాలె, చట్టం కంట్లె పడాలె.
అందుకే ఇరవై రెండేండ్ల సంది
సికింద్రాబాద్ కోర్టు గోడకు ఆనుకొని
ఈ ఊరికి పదకొండు నెలల ఏడాదిని టైపు కొట్టి ఇస్తున్న.
ఇల్లున్నోళ్లు మొదటి పార్టీ.
ఉండేటోళ్లు ఎప్పుడూ రెండో పార్టీయే.

ఆ ఏప్రిల్‌ల కోర్టుకు తాళం పడ్డది.
గొడుగు, బల్ల, స్టాంపు పేపర్ల డబ్బా
చిలకలగూడ రేకుల గదికి మోసుకొచ్చిన.
మూడు నెలలు కిరాయి కోసం సతాయించొద్దని
సర్కారు చెప్పిన సాయంత్రం
మా ఇంటాయన పైన, నేను కింద
ఒకటే ఛానల్ చూస్తున్నం.
ఆయన సౌండు తగ్గించిండు.

వారం పోయినంక చంద్రకళమ్మ ఫోను.
వారాసిగూడ, రెండంతస్తులు, పైన పోర్షన్.
"ఖాళీ చెయ్యమని నోటీసు కొట్టు నాయనా.
బాకీ లేదు. ఒకటో తారీకే ఇస్తది.
పిల్ల మంచిదే.
గానీ ముక్కులల్ల పుల్లలు పెట్టే డ్యూటీ ఆమెది.
అవే మెట్లెక్కుతది, అదే గేటు ముట్టుకుంటది.
నాకు షుగరు. మా ఆయనకు ఊపిరాడది."
ఆమె గొంతుల భయం అబద్ధం కాదు.
అదే నాకు ఇబ్బంది అయింది.

కారణం ఏం రాయాలె?
"సొంత అవసరం నిమిత్తం" అని కొట్టిన.
చట్టానికి తెలిసిన మాట అది.
ఐదు వందలు ఫోన్‌ల పడ్డయి.
పడ్డవి పడ్డట్టే మా ఇంటాయనకు పంపిన,
పాత బాకీ కింద.
జవాబుగ ఒక బొటనవేలు వచ్చింది.

మూడో రోజు ఆ పిల్లే వచ్చింది. పేరు సలోమి.
గేటు అవతల, పది అడుగుల దూరంల నిలబడి,
"కాగితం వెనక మీ నంబరున్నది సార్.
ఇదేందో జరా చెప్పుతరా?"

చెప్పిన.
కోర్టు హుకుం లేనిదే నిన్ను ఎవరూ పంపలేరమ్మా,
నీళ్లు, కరెంటు బంద్ చేసుడు తప్పు.
"అయితే కోర్టుకే పోత."
కోర్టు బంద్ ఉన్నది.
నవ్విందో లేదో మాస్కుకే ఎరుక.

జవాబు నేనే కొట్టిన.
అదే ఫైలు, అవే సరిహద్దులు:
తూర్పున వేరేవాళ్ల ఇల్లు, పడమట ఇరవై అడుగుల రోడ్డు.
పార్టీలను అటు ఇటు మార్చిన, అంతే.
పైసలు తీసుకోలే.
ఆమె పోయినంక సబ్బుతోని చేతులు కడిగిన,
ఇరవై లెక్కబెట్టి,
మళ్లీ ఇరవై.

జవాబు అందిన్నాడే మోటరు స్విచ్చికి తాళం పడ్డది.
రెండు దినాలు పక్క సందుల నుంచి బకెట్లు మోసిందట.
మూడోనాడు నైట్ డ్యూటీ దిగి వచ్చేసరికి
సామాను మెట్ల మీద ఉన్నది:
గ్యాస్ పొయ్యి, చాప, కుక్కర్ మూత,
పెయింట్ డబ్బాల కరివేపాకు మొక్క,
గ్రిల్‌కు తగిలించిన తెల్లకోటు.
బట్టలన్నీ మడత పెట్టి ఉన్నయట.
చంద్రకళమ్మే పెట్టిందట,
గ్లౌజులు తొడుక్కొని, పొద్దటిదాక కూర్చొని.

ట్రాలీ ఆటో ఎటు పోయిందో నాకు తెల్వదు.
దవాఖాన స్టోర్ రూముల పండుకుంటున్నదని
ఒకరన్నరు. సూర్యాపేట పోయిందని ఒకరు.
కరివేపాకు మాత్రం మెట్ల మీదనే ఉండిపోయిందట.
నీళ్లు పోస్తున్నరో లేదో అడగలే.

దసరా దాటినా పోర్షన్‌కు ఎవరూ రాలే.
"ఆ కిరాయితోనే మందులు కొనేది నాయనా"
అన్నది చంద్రకళమ్మ.
ఆఖరికి ఒకరు దొరికిన్రు.
కొత్త కాగితంల కొత్త షరతు పెట్టమన్నది:
జ్వరమొస్తే రెండో పార్టీ మొదటి పార్టీకి
వెంటనే తెలపవలెను.
మరి మొదటి పార్టీకి వస్తే, అని అడగబోయి
కొట్టిన.

కాలపరిమితి: పదకొండు నెలలు.

అక్కడ వేలు ఆగింది.
నా కాగితం మార్చిలనే ముగిసింది.
ఊరందరికీ కొట్టినోన్ని, నాది కొట్టుకోలే.
ఏ పార్టీ కాకుండ,
ఏ తారీకూ లేని నెలల ఉంటున్న.

మెట్ల మీద చెప్పుల చప్పుడు,
పై నుంచి కిందికి.
టీవీ సౌండు తగ్గించిన.