పులుపు చచ్చిన సంచి

బరంపురం పెద్దాసుపత్రి మేడ మీద
మైనపు దిమ్మల్ని పొరలు పొరలుగా కోస్తాను.
నా కోత ముందు ఉల్లిపొర దుప్పటి.
ఇవాళ్టి దిమ్మ నాలుగొందల పదిహేడు.
చీటీలో: మగ, యాభై ఎనిమిది, పర్లాకిమిడి, గుండె నాళం.
పేరుండదు. మేం అడగం.

ఊరు చదవగానే దాలయ్య కొట్టు కనబడింది.

స్టేషన్ సందులో పాత ఇనుము దాలయ్య.
నా పదో తరగతి పుస్తకాలు ఆరు కిలోలు,
అంచుల్లో ఒడియా, లోపల తెలుగు రాసుకున్న నోట్సులతో సహా
త్రాసులో పడేసి, చిల్లర నా చేతిలో పెట్టి
"సదువంతా అరిగినాదేటి గుంటా?" అన్నవాడు.

మొదట్లో అది కొట్టులాగే ఉండేది.
పొద్దున వచ్చిన రేకు సాయంత్రానికి విడిపోయేది,
రాగి ఒక గోనెలోకి, ఇత్తడి ఒక గోనెలోకి.
గురువారం లారీ. అవతల విశాఖలో ఎక్కడో కొలిమి.

చిన్నరైలు పోయింది.
దాని లాంతరొకటి, నాలుగు బోల్టులు ఎలాగో అతని చేతికొచ్చాయి.
"దీన్ని కరిగించీడానికి సెయ్యి రాదమ్మా" అన్నాడు.
అక్కడ మొదలు.
తర్వాత కుట్టుమిషన్లకీ చెయ్యి రాలేదు,
సైకిలు రిమ్ములకీ, చివరికి నూనె డబ్బాలకీ.
కొట్టు నిండి సందులోకి పొంగింది.
ముందు లారీ పట్టలేదు, ఆపైన రిక్షా,
ఆపైన మేం పక్కకి తిరిగి, కొంగు దగ్గరగా పట్టుకుని
నడిచేవాళ్ళం.

కటకం కింద, నాళం గోడలో,
గులాబీ రంగు పూసుకుని అదే సందు.

కాపలా కణం. తినడమే దాని కొలువు.
దారి తప్పిన కొవ్వు గోడలో ఇరుక్కుంటే
పిలవని పేరంటానికి వచ్చి తింటుంది.
తిన్నది అరగడానికి దానికో కిటుకు ఉంది:
తనలో తుప్పుపట్టిన సామాను, మూలనున్న కొవ్వుబొట్టు
రెండు పొరల సంచిలో మూటగట్టి
పుల్లటి ఇంకో సంచిలో కలిపేస్తుంది.
చింతపండు తగిలిన ఇత్తడి చెంబు తేరుకున్నట్టు
అక్కడ అన్నీ విడివడతాయి,
పనికొచ్చేది ఇంట్లోకి,
మిగతాది లారీ ఎక్కి కాలేయానికి.
రోజూ కాస్త తనని తాను తింటేనే
అది బతికున్నట్టు.

ఆ పులుపు చచ్చిపోతే
మూటలు కడుతూనే ఉంటుంది, విప్పే చోటుండదు.
ఒళ్ళంతా నురగై అక్కడే కూలుతుంది.
శవాన్ని ఎత్తడానికి వచ్చినది కూడా
తిని, నురగై, పక్కనే.
నాకు దాని మీద కోపం రాదు.
ఎవరూ దాన్ని తిండిపోతు అనకండి.

అసలు నేను చూసేది కొవ్వునీ కాదు.
జైలీన్ దాన్ని ముందే కడిగేసింది.
మిగిలినవి విరిగిన దువ్వెన పళ్ళలాంటి తెల్లటి ఖాళీలు,
కొవ్వు కూర్చుని లేచిపోయిన జాగాలు.

"ఎలుకల్లో ఆ అరుగుదలని మళ్ళీ రాజేస్తే
పూడిక తగ్గిందట" అంటుంది సుప్రభా పాణిగ్రాహి మేడమ్,
"మనుషుల్లో తేలాల్సింది చాలా ఉంది."
ఫోన్లో అమ్మకి చెప్పాను.
"అయితే నా సోమారం ఉపాసం పనికొస్తాదేటి?"
తెలీదన్నాను. నిజంగానే తెలీదు.

శనివారం గుణుపురం బండిలో పర్లాకిమిడిలో దిగాను.
సందు వెడల్పయింది.
లారీ వెనక్కొచ్చి కొట్టు గుమ్మాన్ని ఆనుకుని ఉంది,
ఇద్దరు కుర్రాళ్ళు కుట్టుమిషన్ల కాళ్ళు విసురుతున్నారు.
దాలయ్య ముక్కాలిపీట మీద ఎర్రయ్యమ్మ.
ఆమె ఒళ్ళో, అద్దం లేని లాంతరు.

"ఏటి కావాలమ్మా?"

అడగాల్సింది గొంతు దాకా వచ్చి అక్కడే ఇరుక్కుంది.
పాత పేపర్లు కిలో ఎంత అన్నాను.

"పన్నెండు."