ఎనిమిది దాకా

సినిమా వచ్చిన మరుసటి సోమవారం
నా షెడ్డుకు పదకొండు మంది కొత్త పిల్లోళ్ళు వచ్చిరి.
గుంతకల్లులో అంతమంది ఒకేసారి ఉరికేది
ప్యాసింజరు కదిలేటప్పుడే.
ఒకడు వాళ్ళమ్మ చీర అంచు చించి చేతికి చుట్టినాడు,
ఒకడిది ఆసుపత్రి కట్టు.
"సార్, కొట్టే బస్తా యాడుంది?"
తాడిస్తి. ఎగరమంటి.
శుక్రవారానికి నలుగురు మిగిల్రి.

నేనూ పోయి చూస్తి, నూటయాభై పెట్టి.
పాట మొదట్లో వాన, చివర్లో ఎండ,
నడుమ హీరో కడుపు మీద ఆరు పలకలు మొలిచె.
చీకట్లో గడియారం చూసుకుంటి:
మూడు నిమిషాల నలభై సెకన్లు.
మా మద్దిలేటికి ఎడమచెయ్యి గడ్డం కాడ నిలబడేదానికే
రెండు ఎండాకాలాలు పట్టె.
తెల్లారుజామున పట్టాల పక్కన వాడు పరిగెత్తేటప్పుడు
వెనకాల వాయించేది గూడ్సుబండి ఒకటే,
అదీ తాళం తప్పి.

సినిమాలో అవతలోడు చెడ్డోడు.
నాయన్ను అవమానించినోడు, ఇల్లు కూల్చినోడు.
కొట్టల్లంటే కోపముండల్లని
పిల్లోళ్ళు నేర్చుకొచ్చిరి.
కడప పోటీల్లో మద్దిలేటికి ఎదురుపడింది
ప్రొద్దుటూరు ఓబులేసు.
తూకంలో అరకిలో ఎక్కువున్నాడని
రెయిన్‌కోటు తొడుక్కొని మెట్లెక్కతా దిగతా ఉంటే
మావాడు పోయి వానితోపాటు ఎక్కె, తోడుగా.
ఇంగ యాడ తెచ్చుకునేది కోపం?

రెండో రౌండులో ఆ ఓబులేసు కుడిచెయ్యే
వాని చెవి పైన పడె.
హాల్లో మోగినట్టు ఏం మోగలేదు.
తడి గోనెసంచి జారినట్టు, అంతే.
మోకాళ్ళకు ముందు తెలిసె.
రెఫరీ వేళ్ళు తెరుస్తాంటే
వాని కండ్లల్లో ఏం నడుస్తాందో నాకు తెలుసు.
ఈడ అమ్మ ముఖం రావల్ల.
ఈడ జనం పేరు పిలవల్ల.
ఆరు.
ఏడు.
లేచినాడు.
ఎనిమిదికి చేతులెత్తినాడు కూడా.
ఎత్తి,
నా మూల అనుకొని
ఓబులేసు మూలకు నడిచినాడు.

తువ్వాల నా భుజం మీదుండె,
చెమట తుడిచే పాత గళ్ళది.
ఇసిరేస్తి.

రైల్లో గుత్తి దాకా మాట్లాడలా.
గుత్తి కాడ అనె:
"సినిమాలో ఆ మాస్టరు చెయ్యి తువ్వాల దాకా పోయి
మళ్ళా ఎనక్కొచ్చింది సార్.
మీదెందుకు రాలేదు?"

ఏం చెప్పల్ల?
గెలుస్తాడని ఆ మాస్టరుకు
కథ రాసినోడు ముందే చెప్పినాడు.
నాకు తెలిసిన కథ లోకోషెడ్డు జంగమయ్యది.
పదేండ్లు రింగులో పడి లేచినోడు,
ఒక్కసారీ తువ్వాల పడలేదని మీసం తిప్పినోడు.
ఇప్పుడు టీ అంగట్లో గ్లాసు పట్టుకుంటే
చెంచా మోగేది ఆగదు.
నా పేరు దొరక్క "తమ్ముడూ" అంటాడు.
అది చెప్పలా.
"ఆకలైతాందా?" అంటి.
ఇద్దరమూ ఉగ్గాని తింటిమి.
నమిలేటప్పుడు వాని దవడ నొచ్చింది,
నేను కిటికీలోకి చూస్తి.

అట్లని సినిమాను తిట్టను.
మిగిలిన నలుగురిలో ఒకతె షమీమ్,
ఫ్యాన్లు రిపేరు చేసే మస్తాన్ కూతురు.
ఆ సినిమాలో హీరో చెల్లెలు ఒకచోట
ఊరికే, ఆటకు,
అన్న గ్లవ్సు తొడుక్కొని అద్దం ముందర నిలబడతాదంట.
నాకు గుర్తే లేదు.
రెండు సెకన్లో, మూడో.
ఆ పిల్ల ఆ మూడు సెకన్లు పట్టుకొని వచ్చె.

నెలకు మద్దిలేటి తిరిగొచ్చె.
నాతో మాటల్లేవు.
పోయి షమీము ముందర ప్యాడ్లు పట్టుకొని నిలబడె.
ఆ పిల్ల కాలు జారి పడి టక్కున లేవబోతే
భుజం మీద చెయ్యేసి ఆపె.

"యాడికి తొందర? ఎనిమిది దాకా నీదే.
మోకాలి మీదుండి ఊపిరి తీసుకో.
మీ మాస్టరు ఏ మూలలో ఉండాడో
ముందు చూసుకో."

ఆ పిల్ల తల తిప్పి వెతికె.
నేను చెయ్యెత్తితి,
తువ్వాలున్న చెయ్యి.