తప్పు కుట్టు

రాయపేటలో మా బైండింగ్ షాపు వెనక,
జిగురు బకెట్ పక్కన, ఒక మూల
తూకానికి పోవలసిన పుస్తకాలు పడి ఉంటాయి.
ఆ రోజు అక్కడ పడ్డవి నా చేతివే.
ఎనిమిది మడతలూ తలకిందుల వరసలో పేర్చి
నలభై కాపీలు కుట్టేశాను.
ఏకాంబరం అన్న కళ్లజోడు నుదుటి మీదికి నెట్టి
"ఎన్నమ్మా, తూక్కమా?" అన్నాడు.
నిద్రే. రాత్రంతా పిల్లకి జ్వరం.
వారం కూలిలో కోత పడింది.
ఒక కాపీ అడిగి తెచ్చుకున్నాను.
అడిగే తెచ్చాను, రాసుకోండి.

మా చెంచుకి నాలుగేళ్లు.
నోట్లోంచి వచ్చినవి మూడు మాటలు:
అత్త, బస్సు, వద్దు.
అందులో అమ్మ లేదు.
ఉన్న మాటలు చాల్లే అన్నట్టు ఉంటుంది అది.

ఎగ్మూరు ఆసుపత్రి గోడకి ఒక పటం.
ఏ నెలకి బోర్లా పడాలి, ఏ నెలకి పాకాలి,
ఏ నెలకి తాతా అనాలి,
అంతా రైలు టైంటేబుల్ లాగా గళ్లు గళ్లు.
మా పిల్ల ఏ స్టేషన్‌లోనూ టైముకి ఆగిన బండి కాదు.
పాకకుండానే నిలబడింది.
నేల మీద నడక రాకముందే మేడ మెట్లెక్కింది.
పై పళ్లు ముందొచ్చాయని, మేనమామకి గండమని
మా అత్త కొబ్బరికాయ కొట్టించింది.
మా తమ్ముడికేం, పెరంబూరులో
ఆదివారం ఆదివారం బిర్యానీ తింటూ గుండ్రాయిలా ఉన్నాడు.

పిల్లల పుస్తకాల్లో మాటలు నాకు కొత్త కాదు.
నువ్వు చేయగలవు. నీ వెలుగు నీదే.
లోకం నీ కోసం కాచుకుని ఉంది.
రోజుకి మూడు వేలు మడతపెడతాను,
ఎముక బద్దతో గట్టిగా రుద్ది అంచు పదును చేస్తాను.
భోజనాల బెల్లు కొట్టాక
వేళ్ల మీద మిగిలేది జిగురు.

ఆ రాత్రి వ్యాసర్‌పాడిలో కరెంటు పోయింది.
సెల్లు వెలుగులో పుస్తకం తెరిచాను.
మొదటి పేజీలోనే పిచుక పెంకుల కప్పు మీదుగా ఎగిరిపోయింది.
తర్వాత, ఎగరాలంటే భయపడింది.
తర్వాత వానలో తడిసింది.
తర్వాత బొచ్చు లేని ఎర్రటి ముద్ద అయ్యి
నోరంతా తెరిచి ఏడిచింది.
నేను నవ్వి, వెనక నుంచి మొదలు పెడదామని పేజీలు తిప్పబోతే
చెంచు అరచేయి చాపి పుస్తకం మీద పెట్టింది.
"వద్దు."
సరే తల్లీ, నీ వరసే.
కింద తమిళంలో ఏదో ధైర్యం రాసి ఉంది,
నేను చదవలేదు. బొమ్మ చూసి తెలుగులో
నోటికొచ్చింది చెప్పుకుంటూ పోయాను.
చివరి పేజీ. మీటరు పెట్టెలో గూడు.
గూట్లో ఒక్కటే, పగలనిది, తెల్లగా.
ఆ పేజీ దగ్గర చాలాసేపు ఉండిపోయింది.
వేలితో దాన్ని నిమిరింది, చల్లగా ఉందో లేదో చూసినట్టు.
"గుడ్డు," అంది.

కరెంటు వచ్చింది. ఫ్యాను తిరిగింది. నేనేమీ అనలేదు.

జూన్‌లో కార్పొరేషన్ బడి.
కొత్త బ్యాగు, పొడుగైన గౌను, నూనె కారే రెండు జడలు.
గేటు దగ్గర టీచరు వంగి పేరడిగింది.
చెంచు ఆలోచించి, ఉన్నవాటిలో కొత్తది తీసి ఇచ్చింది:
"గుడ్డు."
"గుడ్, వెరీ గుడ్!" అని ఆవిడ తల నిమిరింది.
నేను సరిదిద్దలేదు.

మిగతా పిల్లలు ఏడుస్తూ ముందుకి నడిచారు.
మాది ఏడవలేదు.
నా మొహం మీంచి చూపు తిప్పకుండా
వెనక్కి వెనక్కి అడుగులేస్తూ,
గడప ఎక్కడుందో మడమతో వెతుక్కుని,
లోపలికి వెళ్లింది.