లోతు సవరణ

హార్బరు ఆఫీసులో నా పని చిన్నది.
ప్రతి శుక్రవారం ఒక కాగితం వస్తుంది:
ఫలానా బోయ నూట పది మీటర్లు తూర్పుకి జరిగింది,
ఫలానా చోట తొమ్మిది మీటర్ల లోతు ఇప్పుడు ఏడున్నర.
ఊదా సిరాలో సన్నని పాళీ ముంచి
మ్యాపులో పాత అంకె మీద గీత కొడతాను.
చెరపకూడదు. కొట్టేసింది కూడా కనబడాలి.
అది రూలు.

ఇరవై రెండేళ్లు.
ఒక్కనాడూ నేను సముద్రాన్ని దిద్దలేదు.
ఇసుక ఎవరి మాటా వినదు.
నేను దిద్దేదల్లా
దాని గురించి మనం అనుకున్నదాన్ని.

మైలపల్లి దానయ్యది పెదజాలారిపేట.
చేపలుండే చోటికి అతనిది కాగితం లేని లెక్క:
కొండ పల్లంలోకి మిల్లు గొట్టం వచ్చి
సరిగ్గా నిలబడితే, అక్కడ వల.
ఆ గొట్టాన్ని మొన్న మాఘంలో కూల్చేశారు.
దుమ్ము అతని గుమ్మం దాకా వచ్చింది.
అయినా పదహారు రోజులు
లేని గొట్టాన్ని కొండకి ఆనించి వల దించాడు.
"నేదని తెల్దేటి బావూ? తెల్సు.
కళ్ళే, మళ్ళీ కట్టేసుకుంతన్నాయి."
వల నిండా నాచు. ఒక ఎడంకాలి చెప్పు.

నవ్వాను.
నవ్వుతూనే సీట్లో కూర్చుంటే ఫోను మోగింది.
తమ్ముడు. సన్యాసిరావు.
తియ్యలేదు. డబ్బడుగుతాడు.
ఆ అంకె వేసుకుంది రెండు వేల పదకొండులో.
అప్పుడది నిజం, ముప్పై వేలు పట్టుకుని మాయమయ్యాడు.
తర్వాత ఆ చోట ఎవరూ లోతు కొలవలేదు,
ఏ శుక్రవారమూ కాగితం రాలేదు.

వచ్చిందేమో.
మేనకోడలి పెళ్లిలో వాడు గ్లాసు ముట్టలేదని మా ఆవిడ అంది.
గాజువాకలో మోటార్లు బాగుచేసే షాపు పెట్టాడని
ఎవరో బస్సులో చెప్పారు.
ఆ కాగితాలు మడిచి
ఏ సొరుగులో పడేశానో.

దానయ్య ఇప్పుడు కొత్త గురుతు పట్టాడు,
ఏదో అపార్టుమెంటు నెత్తిన నీలం నీళ్ల ట్యాంకు.
"దీన్నీ ఎప్పుడో దించేస్తారుగా" అన్నాను.
"దించనీ బావూ. రేవు దాటినప్పుడల్లా
ఒకపాలి ఎనక్కి తిరిగి సూసుకోడమే."

ఫోను మళ్లీ మోగుతోంది.
సిరాబుడ్డి మూత తీసే ఉంది.
ముప్పై వేలు చెరపను, గీత కింద కనబడుతూనే ఉంటాయి.
పక్కన కొత్త అంకె వెయ్యాలంటే
ముందు గుండు కట్టిన తాడు
నీళ్లలోకి వదలాలి.

"చెప్పరా," అన్నాను.